గుమ్మం వైపు తిరిగిన బూట్లు

జపాన్‌లోని ఒసాకాలో మాకది మొదటి రోజు. వర్జీనియాలోని హెర్న్‌డన్ నుంచి నేను, నా స్నేహితులు స్వాతి, కిరణ్ కలిసి వెళ్లాం. పొద్దుటి నుంచీ వీధులన్నీ తిరిగి, మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో భోజనానికి ఆగాం. గుమ్మంలో బూట్లు విప్పాలని మనకెవరూ చెప్పక్కర్లేదు కదా, ఎలా పడితే అలా విప్పేసి లోపలికి వెళ్లాం.

సగం తిన్నాక కిరణ్ వెనక్కి చూసి గొంతు తగ్గించాడు. "హోటల్ పెద్దావిడ మన షూస్ అన్నీ డోర్ వైపు తిప్పి పెడుతోంది. వెళ్లిపొమ్మంటోందా ఏంటి?"

"ఇందాకటి నుంచీ నువ్వంత లౌడ్‌గా మాట్లాడుతుంటే అనరా మరి?" అంది స్వాతి.

గబగబా తినేసి లేచాం. ఆవిడ కంగారుగా ఎదురొచ్చి, వచ్చీరాని ఇంగ్లీషులో కూర్చోమంది. టీ ఇంకా రాలేదట. బూట్లు చూపిస్తే నవ్వింది. వెళ్లేటప్పుడు మేము వెనక్కి తిరిగి తంటాలు పడకుండా, కాళ్లు దూర్చి నడిచిపోవడానికట! మళ్లీ కూర్చుని తీరిగ్గా టీ తాగాం.

హెర్న్‌డన్ తిరిగొచ్చాక మా ఇంట్లో వ్రతానికి వచ్చినవాళ్ల చెప్పులన్నీ అలాగే తిప్పి పెట్టాను. పక్కింటి ఆంటీ చూసి, "ఏంటమ్మా, ప్రసాదం పెట్టకుండానే పంపించేస్తున్నావా?" అన్నారు.

"కూర్చోండాంటీ," అన్నాను నవ్వుతూ, "టీ ఇంకా రాలేదు."