గురక పెట్టదని చెప్పిన భర్త

నల్లగొండలోని ఒక ప్రైవేటు దవాఖానలో నర్సుగా ఉన్నప్పుడు, ఆపరేషన్ అయినవాళ్లు మత్తులోంచి తేరుకునే గది నా బాధ్యత. అక్కడ ఎవరి మాటా వెంటనే నమ్మేదాన్ని కాదు.

ఒకరోజు పిత్తాశయంలో రాళ్లున్నాయని ఒకామె వచ్చింది. నలభై దాటిన, బాగా లావైన మనిషి. భర్త మగ్గం నేస్తాడు. కాగితం నింపుతూ ఆయన్ని అడిగాను.

"నిద్రల గురక పెడ్తదా?"

"లేదు మేడం, అసలే పెట్టది." నా మాట పూర్తికాకముందే అన్నాడు. ఆమె తల తిప్పుకుంది.

నాకు అనుమానం వచ్చింది. మత్తు డాక్టరుకు చెప్పాను.

"నేనూ నమ్మను. ఆపరేషన్ అయినంక తల ఎత్తుల పెట్టు. నన్ను అడగకుండ నొప్పి సూది ఇయ్యకు, ఊపిరి మందగిస్తది," అన్నారు.

ఆపరేషన్ అయ్యాక మధ్యాహ్నం ఆమెను నా గదికి తెచ్చారు. పిలిస్తే కళ్లు తెరిచింది, మళ్లీ మూసింది. కాసేపటికి గురక మొదలైంది.

"మంచిగ నిద్రవట్టింది," అంది గదిలో సాయానికుండే ఆయమ్మ.

తెర మీద ఆక్సిజన్ అంకె బాగానే ఉంది. కానీ ఆక్సిజన్ మాస్కు పెట్టినప్పుడు, ఊపిరి ఆగినా ఆ అంకె ఆలస్యంగా పడిపోతుంది. దాన్నీ నమ్మలేదు. అంతలో గురక ఆగింది. ఛాతీ లేస్తోంది, మాస్కులో ఆవిరి మాత్రం లేదు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను. గాలి తగల్లేదు.

రెండు చేతులతో దవడ పట్టి ముందుకు నెట్టాను. తలుపు సందులోంచి భర్త చూశాడు.

"ఏయ్! గొంతు పిసుకుతున్నవేంది? ఇడువు!" అని దూసుకొచ్చాడు. ఆయమ్మ అడ్డం నిలబడింది.

"నాలుక ఎనకకు జారింది. ఇడిస్తే ఊపిరాడది. సార్‌ను పిలువుర్రి!" అని అరిచాను. చేతులు మాత్రం తియ్యలేదు.

డాక్టరు పరుగున వచ్చి ముక్కులోంచి మెత్తని గొట్టం వేశారు. పెద్ద శబ్దంతో ఊపిరి లోపలికి పోయింది. మాస్కు తెల్లబడింది.

సాయంత్రం ఆమె లేచి కూర్చుని నీళ్లడిగింది. భర్త నా దగ్గరికొచ్చాడు.

"దవడ కింద ఎర్రగ కందింది. ఏం జేసిన్రో నిజం చెప్పుర్రి."

"ముందు మీరు చెప్పుర్రి," అన్నాను.

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పెడ్తది. నడుమల ఊపిరి ఆగుతది గూడ. జర కదిలిస్తే మల్ల తీస్కుంటది. ఆడిమనిషి గురక పెడ్తదని నలుగుర్ల ఎట్ల చెప్పాలె మేడం?"

తిడదామనుకున్నాను. ఏళ్లుగా సరిగ్గా నిద్రపోని ఆ కళ్లు చూసి ఊరుకున్నాను.

ఇంటికి వెళ్లేరోజు, నిద్రలో ఊపిరి ఎలా ఆడుతుందో చూసే నిద్ర పరీక్ష చేయించమని డాక్టరు రాసిచ్చారు. నేను వివరంగా చెప్పాను. ఆయన తలూపి, నేను చెప్పిందే అందులో ఉందో లేదోనని ఆ కాగితం తీసుకెళ్లి కింద మందుల షాపతనితో మళ్లీ చదివించుకున్నాడు.