జర్మనోడి రెండు చుక్కలు

జర్మనీ బేరగాడి వీధి పేరులోని అక్షరాలను హైదరాబాదు కంపెనీ సాఫ్ట్‌వేరు మింగేసింది. మింగిన చోటల్లా ప్రశ్నార్థకం పెట్టింది. తప్పు మాత్రం జనగామలో కూర్చున్న నాదన్నారు.

అప్పట్లో స్టేషన్ రోడ్డులో నాకో డీటీపీ దుకాణం ఉండేది. పెళ్లి కార్డులు కొట్టేవాణ్ణి, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వేడెక్కాక కరపత్రాలు. కంప్యూటరు నాకెవరూ నేర్పలేదు. పాడుచేసి, బాగుచేసి నేర్చుకున్నాను. పక్క ఊరి ఇత్తడి పనివాడొకాయన దీపపు సెమ్మెలు చేసి, ఆ కంపెనీ ద్వారా జర్మనీకి పంపేవాడు. కొనేవాళ్ల చిరునామాలు కంపెనీ డేటాబేసులోకి ఎక్కించడం, పెట్టె మీద అంటించే చీటీ ముద్రించడం నా పని.

మొదటి పెట్టె సముద్రం దాటి వెళ్లింది, వెళ్లినట్టే తిరిగొచ్చింది. ఆ జర్మన్‌కు మర్యాద ఎక్కువ, ఓపిక తక్కువ. ఇంకోసారి ఇట్లా అయితే తనకు సెమ్మెలే వద్దని రాశాడు.

కంపెనీకి ఫోను చేశాను. అవతలి కుర్రాడు ఫాంటు మార్చి చూడమన్నాడు. మార్చాను. డీటీపీ వాళ్లకు అదొక జబ్బు. ఏ అక్షరం మొరాయించినా ముందు ఫాంటు మారుస్తాం. ఆనాటి మా తెలుగు ఫాంట్లకు సొంతిల్లు ఎక్కడిది? యూరప్ అక్షరాల ఇళ్లల్లోనే అద్దెకుండేవి. నెత్తిన రెండు చుక్కలుండే జర్మన్ అక్షరాన్ని మా ఫాంటులో తెరిస్తే ఏదో తెలుగు ఒత్తై కూర్చునేది, ఇంగ్లీషు ఫాంటు పెట్టగానే చుక్కలతో లేచేది. కంపెనీ డేటాబేసు పట్టికలో ప్రశ్నార్థకమైపోయింది మాత్రం ఎన్ని ఫాంట్లు తొడిగినా లేవలేదు. వాళ్లు ఆ పట్టికను ఒట్టి ఇంగ్లీషు అక్షరాల కోసమే కట్టారు. తక్కినవన్నీ గుమ్మంలోనే చస్తున్నాయి. ఇది నా బుర్రకెక్కేదాకా ఇత్తడాయన రోజూ నా దుకాణం మెట్ల మీదే కూర్చున్నాడు.

“అన్నా, నీ ఫాంటు పంచాయితి నాకెందుకే. సెమ్మె పోతదా, మల్ల నా ఇంటికే వస్తదా? గది చెప్పు.”

మళ్లీ ఫోను చేసి పట్టిక మార్చమన్నాను. కుర్రాడు కిసుక్కున నవ్వి, “మీ యాస అర్థం కావట్లేదండీ, కాస్త మామూలు తెలుగులో చెప్పండి” అన్నాడు.

“గింత దగ్గరి తెలుగే నీకు సమజైతలేదు, జర్మనోని అక్షరం ఏం సమజైతది బిడ్డా?” అని పెట్టేశాను.

ఆ కోపంతోనే దీక్షా శిబిరానికి పోయి జరిగిందంతా అందరికీ వినిపించాను. టెంటులో పడుకున్న పంతులొకాయన కండువా సర్దుకుని లేచాడు. “మనం నీళ్లడుగుతున్నం, కొలువులడుగుతున్నం. నువ్వు చుక్కలడుగుతున్నవ్. అడుగన్నా, మన డిమాండ్లల్ల గదొక్కటే తక్కువున్నది.”

రెండో పెట్టెకు నేనే ఉపాయం చేశాను. జర్మన్ పంపిన పాత కవరు మీద అతను అచ్చువేసుకున్న చిరునామాను జిరాక్స్ తీసి, కత్తిరించి, కంపెనీ చీటీ మీద అంటించాను. సెమ్మె చేరింది. జర్మన్ మురిసిపోయి మరిన్ని కావాలన్నాడు. కంపెనీ మురవలేదు. ఇకమీదట వాళ్ల చీటీ తప్ప ఇంకేదున్నా పెట్టె కదలదంది. ఇత్తడాయన మళ్లీ మెట్ల మీదికొచ్చాడు.

అప్పుడు వాళ్ల వెబ్‌సైటులోని ఫిర్యాదు పెట్టెలో రాశాను. పెట్టె నంబరు తప్ప అంతా పంతం కొద్దీ తెలుగులోనే. నా పేరూ తెలుగులోనే.

రాస్తారోకోలు అయ్యాయి, రైలు రోకోలు అయ్యాయి, జవాబు లేదు. చివరికొక రోజు డేటాబేసులో జర్మన్ చిరునామా మళ్లీ ఎక్కించి చూస్తే, రెండు చుక్కలూ నెత్తిన పెట్టుకుని అక్షరం నిక్షేపంగా నిలబడింది. ఇత్తడాయన దండం పెట్టి, పెట్టె కట్టడానికి పోయాడు. సాయంత్రానికి కంపెనీ నుంచి మెయిలు కూడా వచ్చింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసి, తక్కింది ఉన్నదున్నట్టు ఇస్తున్నాను:

“గౌరవనీయులైన ?????? గారికి, ‘????? ??????? ????’ అంటూ మీరు రాసిన ఫిర్యాదు అందింది. జర్మన్ అక్షరాల సమస్యను పూర్తిగా పరిష్కరించాము.”