తలుపు కింద తువ్వాలు

సౌదీలోని హాయిల్ చలి గురించి మా ఊళ్ళో చెప్తే ఎవరూ నమ్మరు. "ఎడారిల చలేందిరా, మమ్ముల పిచ్చోళ్ళను జేస్తున్నవా?" అని నవ్వుతారు. నేనూ అలాగే నవ్వుకుని, ఒక్క స్వెటరైనా సర్దుకోకుండా వచ్చినవాడినే. మొదటి చలికాలంలో ఒక పొద్దున క్యాంపు బయట నల్లా తిప్పితే చుక్క నీళ్ళు రాలేదు. పైపులో గడ్డకట్టుకుపోయాయి. ఆ సాయంత్రమే బజారుకు వెళ్ళి రెండు రగ్గులు కొన్నాను.

మాది జగిత్యాల దగ్గర పల్లె. ఇక్కడ ఒక మెయింటెనెన్స్ కంపెనీలో ఏసీ మెకానిక్‌ని. ఎండాకాలం చల్లగాలి రావడం లేదని పిలుస్తారు, చలికాలం వేడిగాలి రావడం లేదని పిలుస్తారు. తిట్లు మాత్రం ఏ కాలంలోనైనా ఒకే వేడి మీద వస్తాయి. ఊరందరి ఇళ్ళూ వెచ్చబెట్టే మా నలుగురి పోర్టాక్యాబిన్ రేకు గదిలో హీటర్ లేదు. ఉన్నది ఎప్పుడో పాడైతే, రేపు మాపు అంటూ నేనే బాగుచేయలేదు. రాత్రి వంటయ్యాక మిగిలిన బొగ్గులు ఇనుప తట్టలో లోపలికి తెచ్చుకుని, తలుపు మూసి, కింద సందులో నా పాత తువ్వాలు కుక్కి పడుకునేవాళ్ళం. ఆ తువ్వాలు ఉపాయం నాదే, దాని గురించి గొప్పలు కూడా చెప్పుకునేవాణ్ణి. పొద్దున లేచేసరికి నలుగురికీ తల దిమ్ముగా, కడుపులో తిప్పినట్టు ఉండేది. చలి పట్టిందనుకుని నుదుటికి బామ్ రాసుకుని పనికి పోయేవాళ్ళం. మూడు చలికాలాలు అలా గడిపాం.

ఆ మూడో చలికాలంలోనే ఊరికి గంట దూరంలో ఉన్న ఒక పాత తోట ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. చుట్టూ గోధుమ పొలం, మధ్యలో నలభై ఏళ్ళ నాటి ఇల్లు. ఇంటి మొత్తానికీ పైకప్పు మీది ఒక్క యూనిటే వేడి ఇస్తుంది. అది తెల్లారేసరికి ఆగిపోయిందట. ఇంటాయన యాభై దాటిన మనిషి, మాట మెత్తన. నన్ను నేరుగా మిద్దె మీదికి తీసుకెళ్ళకుండా ముందు తల్లి గదికి తీసుకెళ్ళాడు. ఎనభై దాటిన ముసలావిడ. పడి తుంటి విరగ్గొట్టుకుని, ఆపరేషన్ అయి, ఆసుపత్రి నుంచి వచ్చి నాలుగు రోజులే అయింది. దానికి తోడు ఆయాసం. ఛాతీకి చలి తగిలితే ప్రాణం మీదికి వస్తుందని డాక్టర్ చెప్పి పంపాడట. గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే అనుకున్నాను.

మిద్దె మీద యూనిట్ విప్పి చూస్తే కార్డు కాలిపోయి ఉంది. కార్డంటే యంత్రానికి బుర్ర లాంటిది. అంత పాత మోడల్‌కు హాయిల్‌లో దొరకదు. రియాద్‌లో సులై అనే చోటున్న గోదాముకు ఫోన్ చేస్తే, ఉంది, రేపు మధ్యాహ్నానికి చేరుతుందన్నారు. ఇంటాయన బజారు నుంచి రెండు ప్లగ్ హీటర్లు తెప్పించాడు. ఆ ఇంటి పాత వైరింగ్ వాటిని మోయలేదు. గోడలోంచి మాడు వాసన వచ్చేసరికి నేనే పీకేశాను. ఆసుపత్రికి తీసుకెళ్దామంటే ముసలావిడ మంచం కమ్మీ పట్టుకుని వదల్లేదు. ఇరవై రోజులు అక్కడ పడుకున్నాను, చస్తే నా ఇంట్లోనే చస్తానంది. నాకు మంట కావాలి, మంట చలికాలపు పండు అని మా తాతలు అనేవాళ్ళు, ఒక కుంపటి పెట్టండి చాలు అని కూడా అంది.

అప్పటికి పొద్దు వాలుతోంది. అద్దాల మీద అప్పుడే మసక పడుతోంది. నాకు ఆమె మాట బాగా నచ్చింది. నాకు తెలిసిన విద్యే కదా! ఇంటాయన "ఏమంటావు?" అన్నట్టు చూస్తే, అదే మంచిదని తల ఊపాను. ఆయన బొగ్గులు రాజేసి ఇత్తడి కుంపటి తెచ్చి గది మధ్యలో పెట్టాడు. నేను ఊరుకోకుండా కిటికీలన్నీ బిగించి, ఒక తువ్వాలు అడిగి తీసుకుని, మా గదిలో లాగే తలుపు కింద కుక్కాను. ముసలావిడ ముఖం విప్పారింది. నాకు దీవెనలు కూడా పెట్టింది.

ఇంతసేపూ మంచం తలాపున నిలబడిన పనిమనిషి అప్పుడు కదిలింది. నలభై అయిదేళ్ళుంటాయి, సన్నగా, పొట్టిగా. మధ్యాహ్నం నేను ఫోన్ పెట్టేసి గోదాము వాళ్ళ మీద మన భాషలో సణుక్కుంటుంటే విని, "తెలుగోళ్ళా అప్పా? మాది హిందూపురం పక్క" అని ఒక్కమాట అని వెళ్ళిపోయింది. ఇప్పుడు వంగి తువ్వాలు లాగేసింది. తలుపు బార్లా తీసింది. చున్నీ కొంగు చేతులకు చుట్టుకుని, కణకణలాడే కుంపటిని ఎత్తుకుని బయటికి నడిచింది.

నాకు కోపం నషాళానికి అంటింది. ఇంటాయన గొంతు కూడా మొదటిసారి లేచింది. ముసలావిడ లోపల్నుంచి తిట్లు లంకించుకుంది. వాకిట్లో కుంపటి దించి, ఆమె ఇంటాయన ఎదుట నిలబడింది. వంటింటి అరబ్బీలో ఆమెకు ఉన్నవి కొన్నే మాటలు: బాబా, నిప్పు లోపల, తలుపు మూత, మామా మౌత్. బాబా అంటే ఇంటాయన, మామా అంటే ఆయన తల్లి, మౌత్ అంటే చావు. చేత్తో తన గుండె మీద కొట్టుకుని, కావాలంటే నన్ను ఎగ్జిట్ కొట్టించి మా ఊరికి పంపెయ్యి, నిప్పు మాత్రం లోపలికి రాదు అని సైగలతో చెప్పింది. కఫీల్ ముందు, అంటే వీసా ఇచ్చిన యజమాని ముందు, అలా నిలబడిన పనిమనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆయన నా వైపు చూశాడు, దీనికి ఏమైందో నువ్వే అడుగు అన్నట్టు.

"ఏందక్కా గట్ల జేసినవు?" అన్నాను, గొంతులో కోపం దాచుకోకుండా. "పొగ కూడ లేదు. బొగ్గు మంచిగ ఎర్రగ కాలింది. మా రూముల రోజు పెట్టుకుంటం, మాకేమైంది?"

"పొగ ఉంటే దగ్గొచ్చి లేస్తాం అప్పా," అంది. "బొగ్గు గాలికి వాసన కూడా ఉండదు, ఇది లేపదు."

తర్వాత నేల చూస్తూ చెప్పింది. "మేము పట్టుపురుగులు పెంచేటోళ్ళం. చలికాలంలో షెడ్డు ఎచ్చగుండాల, లేకుంటే పురుగు ఆకు తినదు. ఓ తూరి రెండు దినాలు కరెంటు పాయ. మా అత్త బొగ్గుల కుంపటి పెట్టి, గాలి రాకుండా గోనెపట్టలు కట్టి, పురుగులకు కావలి ఆడనే పండుకునె. తెల్లారి నేను ఆకు మోపు ఎత్తుకొని పోతి. తట్టల్లో పురుగులన్నీ తలలు వాల్చేసి ఉండాయి. నేను పురుగుల్ని సూసి ఏడిస్తి అప్పా. మా అత్త నిద్రపోతాందనుకుంటి."

ఆమె తలెత్తి నన్ను చూసింది. "పొద్దున లేస్తానే తల నొస్తాందా మీకు?"

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. మూడు చలికాలాల బామ్ సీసాలు గుర్తొచ్చాయి. గడప మీద కూర్చున్నాను. ఆ తర్వాత లేచి, నాకు వచ్చిన అరబ్బీలో ఇంటాయనకు ఉన్నదున్నట్టు చెప్పాను, నా గది సంగతి కూడా దాచకుండా. ఆయన ఆమెను "మరి ఏం చేద్దాం?" అని అడిగాడు. అడిగిన తీరులో యజమానితనం లేదు. ఆ మనిషి మీద కూడా నాకు గౌరవం అప్పుడే మొదలైంది.

ఏం చేయాలో ఆమె దగ్గర సిద్ధంగా ఉంది. అత్త పోయాక వాళ్ళ షెడ్డులోకి మళ్ళీ నిప్పు రాలేదట. బయట ఇటుకలు కాల్చి, గోనెలో చుట్టి, తట్టల కింద పెట్టి పురుగుల్ని కాపాడుకునేవాళ్ళట. ఇంటి వెనక గోడ కట్టగా మిగిలిన ఇటుకల కుప్ప ఉంది. "తడి లేనివి ఏరు అప్పా, తడిది పగుల్తాది" అని నన్ను అటు తోలింది. వాకిలికి ఆ చివర, గాలి అవతలికి పోయే దిక్కున మంట వేసింది. పెద్ద హాలులాంటి గదిలోంచి మంచాన్ని పక్కనున్న చిన్న గదికి తోయించింది. చిన్న గదైతే ఒంటి వెచ్చదనం కూడా లెక్కకు వస్తుందట. ముసలావిడ కాళ్ళ మీద బట్టలు ఆరేసే స్టాండు వాల్చి, దాని మీద రగ్గులు, ఆ పైన ఇంటాయన గొర్రెతోలు కోటు కప్పి, లోపల చిన్న గుడారం కట్టింది.

పన్నెండు ఇటుకలు. ఆరు మంట దగ్గర, ఆరు మంచంలో. కాలిన ఇటుకను రెండు మడతల బట్టలో చుట్టేది. నేరుగా పెట్టేది కాదు. ముందు తన మోచేతి లోపలి వైపు ఆనించుకుని తెలుగులో వంద దాకా లెక్కపెట్టేది. వంద దాకా చర్మం ఓర్చుకుంటేనే ముసలావిడ దగ్గరికి. ఓర్చుకోకపోతే ఇంకో మడత.

"చేతితోని ముట్టుకుంటె తెల్వదా అక్కా? వంద లెక్కపెట్టాల్నా?" అన్నాను నేను. ఊరుకోలేని నోరు నాది.

"ముసలి చర్మానికి కాలేది తెలీదప్పా. ఆయమ్మ తరఫున నేను సూడాల."

ఊళ్ళోనూ ఇక్కడా కలిపి పదిహేడేళ్ళు మెకానిక్‌గా పనిచేశాను. థర్మామీటర్లు, గేజీలు, మీటర్లు నా పెట్టెనిండా ఉన్నాయి. పనిలో అంత శ్రద్ధ నేను ఏ ఇంజినీర్ దగ్గరా చూడలేదు. ఆ చెయ్యి చూస్తుంటే నా పెట్టె మూసేసుకోవాలనిపించింది.

ముసలావిడ అలక మాత్రం తీరలేదు. ఇటుకలు వద్దు, మంట ఏదంటుంది. దానికీ అక్క దగ్గర మందుంది. మంచాన్ని కిటికీ వైపు తిప్పించింది. మూసిన అద్దంలోంచి వాకిట్లో మంట నిండుగా కనిపించింది. ముసలావిడ తిట్టడం ఆపేసి, చాలాసేపు ఆ మంటను చూస్తూ ఉండిపోయింది. చివరికి ఏదో సన్నగా పాడుకోవడం మొదలుపెట్టింది. ఇంటాయన అంగీ చేతులు పైకి మడిచి మాతోపాటు ఇటుకలు మోశాడు.

ఆ రాత్రి వంతులవారీగా నేనూ ఆయనా కాసేపు కునుకు తీశాం. అక్క తీయలేదు. తెల్లవారుజామున నమాజు పిలుపుకు లేచి చూస్తే వాకిట్లో బకెట్ నీళ్ళ మీద మంచు పలక తేలుతోంది. చిన్న గదిలో ఆమె మంచం పక్కన కూర్చుని, మోచేతికి ఇటుక ఆనించుకుని, "డెబ్బై రెండు, డెబ్బై మూడు" అంటోంది. ముసలావిడ నోరు కొంచెం తెరుచుకుని, ఆయాసం లేకుండా గురక పెడుతోంది. అక్క మోచేతి లోపలంతా ఎర్రగా కందిపోయి ఉంది. నేను తలుపు దగ్గరే నిలబడి ఏడ్చాను. ఎవరూ చూడలేదనుకుంటాను.

మధ్యాహ్నం కార్డు వచ్చింది. గంటలో బిగించాను. వేడిగాలి మొదలయ్యాక ఆమె ఇటుకలు తీయబోతే ముసలావిడ ఒక్కటి మాత్రం ఇవ్వలేదు. కాళ్ళ దగ్గర అలాగే ఉంచమంది. అంత కష్టపడి నేను బాగుచేసిన యూనిట్‌ను ఎవరూ మెచ్చుకోలేదు. నాకూ మెచ్చుకోబుద్ధి కాలేదు.

సాయంత్రం క్యాంపుకు చేరేసరికి మావాళ్ళు బొగ్గుల తట్ట లోపల పెట్టి, తువ్వాలు కుక్కి కూర్చున్నారు. నేను తలుపు తోసి, తట్ట ఎత్తుకెళ్ళి బయట పెట్టాను. "పిచ్చి లేచిందా? చలికి సస్తమురా" అని ముగ్గురూ మీద పడ్డారు. "గిట్లనే సస్తం" అని, పట్టుపురుగుల నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పాను. చెప్పడం అయ్యాక ఎవరూ తట్ట అడగలేదు. మర్నాడు పొద్దున ఎవరికీ తల నొప్పి లేదు. ఆ వారమే కూర్చుని మా గది హీటర్ బాగుచేశాను. గంటన్నర పని. మూడేళ్ళుగా వాయిదా వేసింది ఆ గంటన్నర పనినే.

మళ్ళీ చలికాలం ముందు సర్వీసింగ్‌కు ఆ తోట ఇంటికి వెళ్ళాను. ఆ అక్క కోసం బజారులో ఒక మంచి శాలువా కూడా తీసుకున్నాను. ఆమె లేదు. ఎండాకాలంలోనే ఎగ్జిట్ మీద ఊరికి వెళ్ళిపోయిందన్నాడు ఇంటాయన. పేరు అప్పుడు నేను అడగలేదు, అక్కా అంటే సరిపోయింది. ముసలావిడ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. కొత్తగా వచ్చిన పనమ్మాయికి ఏదో నేర్పుతూ గదమాయిస్తోంది. తొంగి చూశాను. అమ్మాయి చేతిలో బట్ట చుట్టిన ఇటుక ఉంది. ముసలావిడ దాన్ని లాక్కుని తన మోచేతి లోపలి వైపు ఆనించుకుని, కళ్ళు మూసుకుని లెక్కపెడుతోంది. అరబ్బీలో కాదు. "ఒగటి, రెండు, మూడు" అని, హిందూపురం యాసలో.

శాలువా ఆవిడకే ఇచ్చాను. మా గదిలో నలుగురం ఇవాళ్టికీ బతికే ఉన్నామని ఆ అక్కకు తెలియదు. ఇంటాయన దగ్గర ఉన్న ఆమె సౌదీ నంబరు ఆగిపోయింది, చెప్పే దారి నాకు దొరకలేదు.