తాళం వేసిన టెలిఫోను

మా చిన్నప్పుడు మా ఇంట్లో టెలిఫోను ఒక చెక్క పెట్టెలో ఉండేది... తాళం వేసి!

సిరిసిల్లలో మాది నూలు దుకాణం. వ్యాపారం కోసమని బాపు ఫోను పెట్టించాడు. వచ్చిన రోజు అవ్వ, అంటే మా అమ్మ, దానికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. వాడకట్టంతా చూడటానికి వచ్చింది. ఆ సంబరంలో బాపు అందరి ముందూ ఒక మాట అనేశాడు.

"గీ ఫోను నా ఒక్కనిది కాదు. మన వాడకట్టుది. ఎవరికి అవసరమైనా రాండ్రి."

ఇక వచ్చారు... షోలాపూర్‌లో, భీవండిలో మగ్గాల మీద పనిచేసే తమ వాళ్లతో మాట్లాడటానికి అందరూ మా ఇంటికే వచ్చారు. వచ్చిన వాళ్లు పైసలిస్తామంటే బాపు తీసుకునేవాడు కాదు. బదులుగా సొరకాయో, గిన్నెడు పెసర్లో అరుగు మీద పెట్టిపోయేవారు.

బిల్లు మాత్రం వచ్చినప్పుడల్లా పెరుగుతూనే ఉండేది. దాన్ని చేతిలో పట్టుకుని బాపు తనలో తనే గొణుక్కునేవాడు.

"కిరాయి వేరంటడు. మాట్లాడింది వేరంటడు. పేరు చెప్పి మనిషిని పిలిపిస్తే దానికింత! గా మనిషి దొరకకున్నా ఇంతంటడు... దొరకని మనిషికి పైసలేందే?"

అవ్వకు నవ్వొచ్చేది కానీ నవ్వేది కాదు.

ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేడు. బిల్లు కట్టలేడు. చివరికి ఒకరోజు వడ్రంగి రాజయ్యతో ఒక పెట్టె చేయించి, ఫోను అందులో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఎవరైనా వస్తే "ఆయన ఇంట్ల లేడు, తాళంచెవి ఆయన దగ్గర్నే ఉన్నది" అని అవ్వ చెప్పాలి. ఎవరినీ కాదన్నట్టు ఉండదు, పైసలూ పోవు... అదీ బాపు ఉపాయం.

పక్కింటి బాలవ్వ పెద్దమ్మ ఊరుకుంటుందా? "ఏందే, పట్టుచీర లెక్క దాసిపెట్టిండ్రు? మేమేమన్న ఫోను కొరుక్కతింటమా?" అని నలుగురిలో అనేసింది. అవ్వ తల వంచుకుని లోపలికి వచ్చింది.

ఆ రోజుల్లోనే షోలాపూర్‌లో మా సుగుణక్కకు నెలలు నిండాయి. మొదటి కాన్పు మా ఇంట్లోనే అయింది కానీ బిడ్డ దక్కలేదు. ఈసారి ప్రయాణం వద్దని డాక్టరమ్మ చెప్పడంతో అక్కడే ఉంచారు. గుడిలో కోడెను కట్టేస్తానని అవ్వ వేములవాడ రాజన్నకు మొక్కుకుంది. సంజె దీపం దగ్గర కూర్చున్నా ఆమె చెవి ఆ పెట్టె మీదే ఉండేది...

"జర తాళంచెవి నా దగ్గర పెట్టిపోరాదుండ్రి. బిడ్డ కాడికెంచి ఫోనొస్తే?" అని అడిగింది ఒకసారి.

"నీ దగ్గరుంటే ఎవరడిగినా తీసిస్తవు. నీతోని కాదు" అన్నాడు బాపు. అది నిజమే. అవ్వ మళ్లీ అడగలేదు.

ఆ సోమవారం బాపు బిల్లు సంగతి తేల్చుకుంటానని పొద్దున బస్సుకే కరీంనగర్ వెళ్లాడు. తాళంచెవి ఆయనతోపాటే వెళ్లింది.

మధ్యాహ్నం పెట్టె మోగింది.

అవ్వ తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది. నేను పెట్టె మీద చెయ్యి పెడితే లోపల పిట్టను మూసిపెట్టినట్టు వణుకుతోంది... అవ్వ తాళాన్ని గుంజింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. కాసేపటికి మోగడం ఆగింది. అవ్వ అక్కడే కూలబడి రాజన్నా, రాజన్నా అనుకుంటూ కూర్చుంది.

మళ్లీ మోగింది. ఆ చప్పుడుకు బాలవ్వ పెద్దమ్మ వచ్చి గడపలో నిలబడింది. ఎప్పుడూ ఎత్తిపొడిచే మనిషి, ఆ రోజు గొంతు తగ్గించి అంది...

"వాడకట్టుకు తాళమేసిండనుకున్ననే నేను. నీకే ఏసిండు గదనే!"

అవ్వ లేచి వంటింట్లోకి వెళ్లింది. రోకలితో తిరిగి వచ్చింది. నా ఎరుకలో అవ్వ ఒక వస్తువును గట్టిగా కింద పెట్టి ఎరుగదు... ఆ రోజు గొళ్లెం ఊడివచ్చేదాకా కొట్టింది.

అప్పటికే ఫోను ఆగిపోయింది. ఎత్తితే ఎక్స్ఛేంజి అబ్బాయి, "షోలాపూర్ నుంచమ్మా. మీరు ఎత్తకపోతిరి, వాళ్లు పెట్టేసిండ్రు" అన్నాడు.

"మల్ల కలుపు బిడ్డా."

"మామూలుగనైతే టైం పడ్తదమ్మా. అర్జంటైతే రెండింతల చార్జి."

"ఎంతనన్న కానీ. అర్జంటే కలుపు."

కలిసేదాకా అవ్వ ఫోను వదిలి కదలలేదు. చివరికి బావ గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు వినబడింది. "అత్తా, ఆడపిల్ల! తల్లీ పిల్లా మంచిగున్నరు!" అటు బావ "అత్తా... అత్తా..." అంటూనే ఉన్నాడు, ఇటు అవ్వ ఏడుస్తూనే ఉంది. అంత చార్జి కట్టిన ఫోనంతా ఏడుపుకే సరిపోయింది.

సాయంత్రం బాపు వచ్చి పెట్టె చూశాడు. అవ్వ సంగతంతా చెప్పి, మెల్లగానే అంది...

"నేనే పగలగొట్టిన. ఇగ ఎవరినన్న కాదనాలంటే మీ నోటితోని చెప్పుండ్రి. గీ పెట్టెతోని చెప్పకుండ్రి."

బాపు మొలతాడుకున్న తాళంచెవిని విప్పి గూట్లో పెట్టాడు. తర్వాత ఎటో చూస్తూ అన్నాడు...

"ఆఫీసుల అడిగిన... మనకొచ్చే ఫోనుకు పైసలే పడయట."

కొన్నాళ్లకు బిల్లు భరించలేక ఫోను తీసేయించాం. పెట్టె మాత్రం అవ్వ దేవుని గూటి కింద పెట్టుకుని అందులో వత్తులు, కర్పూరం దాచుకునేది. గొళ్లెం ఊడిన చోట గాటు అలాగే ఉంది. ఇప్పుడది నా దగ్గరుంది... ఈ పొద్దు దీపం పెడుతూ దాన్ని తుడిచాను.

ఇప్పుడు ఫోను మన అరచేతిలోనే ఉంటుంది. పెట్టె లేదు, తాళం లేదు. అయినా అయినవాళ్ల పేరు కనబడుతుంటే "తర్వాత చేద్దాంలే" అని పక్కన పెట్టేస్తున్నాం... అది వణుకుతూ వణుకుతూ ఆగిపోతుంది.

మీ ఇంట్లో మొదటి ఫోను మోగినప్పుడు ఎవరు పరుగెత్తేవారు? తీరిక చూసుకుని రాయండి, చదువుతాను... ముందు మా సుగుణక్కకు ఫోను చేసి వస్తాను.