ఆర్పకూడని కంప్యూటర్

ఇంద్రేశంలోని మా ఫ్లాట్‌లో నేను పనిచేసుకునే చిన్న గది ఉంది. మే నెల మధ్యాహ్నాలు అక్కడ కంప్యూటర్ వెనక నుంచి వేడెక్కిన దుమ్ము వాసన వస్తుంది. అది ముక్కుకు తగలగానే పని ఆపి కంప్యూటర్ బంద్ చేస్తాను. "గంటకోపాలి దానికి రెస్టిస్తవ్, నాకెప్పుడన్న ఇచ్చినవా?" అని మా ఆయన ఆటపట్టిస్తాడు. ఆ ఒక్క విషయంలో నాకు నవ్వు రాదు.

నా చిన్నప్పుడు చిట్కుల్‌లో మాది ఒకే ఒక్క రేకుల గది. వంటా, పడకా, అక్క చదువూ, అమ్మ ఆయాసమూ అన్నీ అందులోనే. ఎండాకాలం పొద్దున తొమ్మిదికే రేకులు చిటపటమంటుంటే, అంబలి తాగి, తడి గోనెసంచి కిటికీకి కట్టి, మధ్యాహ్నం మామిడికాయ తొక్కుతో అన్నం తిని, ముంజలమ్మే ఆమె కేక కోసం చెవులు రిక్కించి నేల మీద పడుకునేవాళ్లం. సాయంత్రమైతే రసాయనాల కంపెనీల వైపు నుంచి ఘాటు వాసన వచ్చేది. ముందు పసిగట్టిన ఆమె "వాసనొచ్చింది, కిటికీలెయ్యుర్రి!" అని అరిస్తే వాడకట్టంతా తలుపులు పడేవి. అమ్మకు దమ్ము, అంటే ఉబ్బసం, కాబట్టి మా కిటికీ అందరికన్నా ముందు మూసుకుని, అందరికన్నా ఆలస్యంగా తెరుచుకునేది.

అలాంటి గదిలోకి నాయిన కంప్యూటర్ తెచ్చాడు. ఆయన ఒక కంపెనీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. ఆఫీసులో పాతవి తీసేస్తుంటే అడిగి, వీపు ఉబ్బిన ఆ డబ్బాను తువ్వాలలో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. టైపింగు నేర్చుకుంటున్న అక్కకు ఆఫీసు ఉద్యోగం రావాలని ఆయన ఆశ. బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఒకటే నియమం పెట్టాడు.

"బాయిలర్ ఒక్కపాలి ముట్టిస్తే మల్లమల్ల ఆర్పొద్దు బిడ్డా, లోపల పగుల్తది. ఇది గూడ గంతే. పొద్దుగాల పెడితే నేను డ్యూటీకెల్లి వచ్చినంకనే బంజెయ్యాలె."

దాంతో ఎవరు కూర్చున్నా కూర్చోకున్నా అది రోజంతా నడిచేది. దాని వెనక నుంచి వచ్చే సెగను ఫ్యాను తెచ్చి అమ్మ మీద పోసేది. ఆమె తన చాపను గడప దాకా జరుపుకుని, తడి కొంగుతో మెడ తుడుచుకుంటూ, "ఎండాకాలం ఉడుకుండదానే?" అని మమ్మల్నే సముదాయించేది. బంద్ చేస్తే దానికేమీ కాదని అక్కకు టైపింగు సారు మొదటి రోజే చెప్పాడు, అక్క నాకు చెప్పింది. కానీ పక్కింటివాళ్లు చూడవచ్చినప్పుడు దాని మీద చెయ్యేసి బాయిలర్ సంగతులన్నీ విడమరిచి చెప్పే నాయిన ముఖం చూసి, ఆయన్ను తప్పుపట్టడానికి అక్కకు మనసొప్పలేదు. నా కారణం అంత మంచిది కాదు. అది నడుస్తుంటేనే, అక్క లేచిన సందులో నాకు అందులోని పేకాట ఆడే వీలు దొరికేది.

ఒక సాయంత్రం వాసన వచ్చింది, కిటికీ మూశాం. బియ్యంలో రాళ్లేరుతున్న అమ్మ పక్కకు ఒరిగిపోయింది. పెదవులు నల్లబడ్డాయి. తలుపు తెరిస్తే వాసన, మూస్తే సెగ. అక్క కంప్యూటర్ వైరు పీకి పారేసి, చాటతో విసురుతూ వాడకట్టును కేకేసింది. ఆడవాళ్లే అమ్మను ఆటోలో దవాఖానకు చేర్చారు.

నాయిన డ్యూటీ బట్టలతోనే అక్కడికి వచ్చాడు. ఆయన్ను చూడగానే అక్క ఆగలేకపోయింది.

"బంజేస్తే దానికేం గాదు నాయినా. మా సార్ ఎప్పుడో చెప్పిండు."

"మరి నాకెందుకు చెప్పలే బిడ్డా?"

నేను అక్క వెనక్కి జరిగాను.

అమ్మ మూడో రోజు ఇంటికొచ్చింది. నాయినే కంప్యూటర్‌ను గోడకు జానెడు ఎడంగా జరిపాడు. అక్క తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడే టైపు చేసుకుని బంద్ చేసేది. మధ్యాహ్నాలు గదిలో ఆ అదనపు వేడి లేదు. అక్కకు ఉద్యోగమూ వచ్చింది. నాయిన మాత్రం ఆ తర్వాత ఎవరికీ కంప్యూటర్ గురించి ఏమీ చెప్పలేదు.

ఇప్పుడు ఆ రేకుల గదులు లేవు, అక్కడ నాలుగంతస్తుల భవనం లేచింది. ఏసీల కోసం కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి, ఒకరి కోసం ఒకరు కేకేసే పని లేదు. నాయిన పోయాడు. అమ్మ ఇంకా చాలా ఏళ్లు బతికింది, ఆ ఎండాకాలం గురించి మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. బంద్ చేస్తే ఏమీ కాదని తెలిసి కూడా పేకాట కోసం ఊరుకున్నానని ఆమెతో చెప్పాలని ఎన్నోసార్లు పక్కన కూర్చున్నాను, ప్రతిసారీ వేరే ముచ్చట్లు చెప్పి లేచి వచ్చాను.