చేయని పప్పు మీద ఫిర్యాదు

కస్టమర్ ఫిర్యాదును ఒక్క ఫొటోతో కొట్టిపారేసిన ఘనుణ్ణి నేను. యూసుఫ్‌గూడలో మా వంటగది. అక్కణ్ణుంచి ఫిల్మ్‌నగర్‌లోని ఒక ఎడిటింగ్ ఆఫీసుకు రోజూ నలభై భోజనాలు పంపేవాణ్ణి. నా వ్యాపారంలో సగం ఆ ఆర్డరే. ఒక సాయంత్రం వాళ్ళ వాట్సాప్ గ్రూపులో, మా భోజనమే తినే ఆఫీసు డ్రైవరు ఒకడు, పప్పు ఖరాబైందని రాశాడు. ఆ రోజు మేం పప్పే చేయలేదు. మెనూ కాగితం ఫొటో తీసి పెట్టి, కింద ఒక నమస్కారం బొమ్మ జోడించాను. ఆఫీసు మేనేజరు నవ్వు బొమ్మ పెట్టాడు. డ్రైవరు మళ్ళీ ఏమీ రాయలేదు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మా నాన్నది బట్టల కొట్టు. చీర అంచు బాగాలేదన్న మనిషికి అంచుతో పని లేదని, ధర తగ్గితే చాలని నేర్చుకుంటూ గల్లాపెట్టె పక్కన పెరిగినవాణ్ణి. నేను కూడా నిగనిగలాడే వంకాయను చేత్తో పట్టుకుని వాడిపోయిందనే రకమే. అందుకే వంక పెట్టే ప్రతివాడూ నాకు బేరగాడిలాగే కనిపిస్తాడు.

ఆ తర్వాత నెలంతా ఒక్క ఫిర్యాదూ లేదు. రుచి కుదిరిందనుకున్నాను. మేనేజరును అడిగితే సూపరన్నాడు. సినిమా ప్రివ్యూ చూసి బయటికొచ్చి బాగాలేదనే అలవాటు ఆ సినిమావాళ్ళ పేటలో ఎవరికుంది?

నెలాఖరున ఆయనే ఫోన్ చేశాడు. డ్రైవర్లు పద్నాలుగు మందీ భోజనం మానేసి బత్తా డబ్బులే ఇమ్మంటున్నారట. వాళ్ళకోటి, మిగతావాళ్ళకోటి చూసుకోవడం కుదరదు కాబట్టి ఒకటో తారీఖు నుంచి ఆర్డరే ఆపేస్తున్నారు. "నాకైతే బాగానే ఉందండీ" అన్నాడు, పాపం.

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళి, ఆ పప్పు ఫిర్యాదు పెట్టిన డ్రైవరును కలిశాను. జూబ్లీ హిల్స్‌లో సారును ఇంటి దగ్గర దింపి, అప్పుడే వచ్చాడు. మూడున్నర. పన్నెండింటికి మేం పంపిన డబ్బాలు సెక్యూరిటీ గది రేకుల కింద ఎండలో కాగుతున్నాయి. పప్పు సంగతి అడిగాను.

"పప్పో సాంబారో నాకేమెరుకన్నా. నోట్లె పెట్టుకుంటే పులిసింది. నువ్వు పేరు తప్పని ఫొటో పెట్టినవ్. ఇగ ఏం జెప్పాలె?"

సాంబారు ఉన్న రోజుల్లో ఎవరూ డబ్బా విప్పేవారు కాదట. ఆ రోజూ సాంబారే. ఒకటి విప్పి నోట్లో వేసుకున్నాను. మింగలేకపోయాను. మేనేజరు తినేది ఒంటిగంటకు, ఏసీ గదిలో. ఆయన చెప్పిందీ నిజమే. డ్రైవరు పొరబడింది వంటకం పేరు దగ్గరే. ఎప్పుడు తిన్నావని ఒక్క మాట అడిగి ఉంటే, వాళ్ళ సాంబారు విడిగా, ఆలస్యంగా పంపేవాణ్ణి. బేరం మొదలైందనుకుని అడగలేదు.

ఆర్డరు నిలబెట్టమని మేనేజరును బతిమాలాను. మర్యాదగానే కాదన్నాడు.

ఆఖరి బిల్లు నేనే రాశాను. ఇరవై ఆరు రోజులు, రోజుకు నలభై చొప్పున వెయ్యిన్నీ నలభై భోజనాలు. సాంబారు రోజులు పన్నెండు, డ్రైవర్లు పద్నాలుగు మంది. నూట అరవై ఎనిమిది తీసేయాలి. అన్నం, వేపుడు పాడవలేదు కదా, సగం ధర వేద్దామా అని పెన్ను కాసేపు ఆగింది. వేయలేదు. వాళ్ళు ఇవ్వవలసింది ఎనిమిది వందల డెబ్బై రెండు భోజనాలకు, అంతే.