ఎవరి కొంపో అంటుకుందయ్యా

చమురు కంపెనీల షేర్లు కొనమని డాక్టరు గారు నాకు ఎన్నడూ చెప్పలేదు. ఈ ముక్క మా ఆవిడతో ఆ రోజే అని ఉండాల్సింది.

ఆయన అమెరికాలో, పార్సిప్పనీ ఊళ్ళో మా పక్కింటి పెద్దాయన, రిటైరైన పిల్లల డాక్టరు. బంకులో పెట్రోలు ధర పెరిగిన బోర్డు కనిపిస్తే కారు అద్దం దించి, "ఎవరి కొంపో అంటుకుందయ్యా" అనేవారు. ఎక్కడో యుద్ధమొస్తేనే చమురు పెరుగుతుందని ఆయన లెక్క.

గల్ఫ్‌లో యుద్ధం మొదలైన వారం ఆయన కార్లో పక్కనే కూర్చుని ఫోన్ తీశాను. "ఆయిల్ ఇంకా పెరుగుతుందండీ, ఇప్పుడే బై చేసేయాలి."

ఆయన నవ్వారు. "ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాట్ట నీలాంటివాడే. వద్దయ్యా. ఆ మంట ఆరిపోతే నీ చుట్ట గతేంటి?"

అయినా అమ్మాయి కాలేజీకి దాచిన డబ్బుతో కొన్నాను. నెల తిరక్కుండా యుద్ధం ఆగింది. చమురు ధర పడింది, దాంతోపాటే నా షేర్లూ పడ్డాయి. మా ఆవిడ నిలదీస్తే, "డాక్టరు గారే కొనమన్నారు" అనేశాను.

"పెద్దాయనకేం, పోయింది మన పిల్ల చదువు కదా!" అంది. ఆయనకు పప్పుచారు పంపడం మానేసింది.

ఆయన కారణం అడగలేదు. ఒకరోజు తన దగ్గరుండిపోయిన మా పప్పుచారు గిన్నె కడిగి, నిండా తన పెరటి టమాటాలు పోసి మా గుమ్మంలో పెట్టి వెళ్ళారు.

ఆ గిన్నెతోనే, మా ఆవిడను వెంటబెట్టుకుని ఆయన తలుపు తట్టాను.

"డాక్టరు గారూ, ఈసారి కొంప అంటించింది నేనేనండీ. మీరు వద్దన్నా కొని, మీ పేరు చెప్పాను. నన్ను క్షమించండి."